కందిచేనికి ఎండు తెగులు: గుర్తించుట, నివారించుట

తెలంగాణమున పేదయింటనైనను, పెద్దయింటనైనను పప్పన్నము లేక విందు సాగదు. ఆ పప్పు నిచ్చు కంది మన చెలకలలో అధికవ్యయము కోరని పంట. వానకు మొలచి, మంచుకు పూచి, పొయ్యిలోనికి కట్టెను, పశువులకు పొట్టును, భూమికి రాలిన ఆకుల సత్తువను గూడ ఇచ్చును. ఇట్టి పంట పూతకు వచ్చిన వేళ, నేలలో తడి యుండగనే నిలువున వాడి ఎండిపోయినచో రైతునకు కలుగు నష్టము చిన్నది కాదు. నాలుగు నెలల శ్రమ, విత్తనపు వెల, ఆ యేటి పప్పు ఒక్కమారుగ పోవును.

కాజీపేట నుండి సికింద్రాబాదునకు పోవు రైలుమార్గముపై నున్న స్టేషన్ ఘన్‌పూర్ పూర్వము వరంగల్ జిల్లాలోనిది; 2016 అక్టోబరు 11వ తేదీ నుండి జనగామ జిల్లాలో చేరినది. ఈ ప్రాంతపు ఎర్ర చెలకలలోను, నడుమ నడుమ గల నల్లరేగళ్ళలోను పత్తి సాళ్ళ మధ్య కంది వేయుట చూచుచున్నాము. ఈ గ్రామముల పంచాయతీ సభ్యుల కొరకు కంది ఎండు తెగులును గూర్చి మేము తెలిసికొన్న ముఖ్యాంశములను ఇచట వివరించుచున్నాము. ఇది ఒక్క రైతు ఒంటరిగ గెలువగల తెగులు కాదు. ఊరంతయు కలిసి ముందుగ మేల్కొన్నచో అదుపులో నుంచదగినదే. అందుచేతనే ఈ పాఠమును ముఖ్యముగ పంచాయతీ సభ్యుల కుద్దేశించితిమి.

తెగులు స్వభావము

ఈ తెగులునకు కారణము ఫ్యుజేరియం ఉడమ్ అను శిలీంధ్రము, అనగా కంటికి కానరాని ఒక విధమైన బూజు. మన దేశమున ఈ తెగులును 1906లో ఇ. జె. బట్లర్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. 1910లో శిలీంధ్రమునకు ఈ పేరును ఆయనయే పెట్టెను. నూరేండ్లు గడచినను ఇది మన దేశమునను, తూర్పు ఆఫ్రికాలోని కెన్యా, టాంజానియా, మలావీ దేశములందును కందిరైతును బాధించుచునే యున్నది.

ఇది గాలిలో ఎగిరివచ్చి ఆకుపై వాలు తెగులు కాదు. నేలలో నుండును. లేతవేరు ద్వారా మొక్కలో ప్రవేశించి, నీటిని పైకి కొనిపోవు సన్నని నాళములలో చేరి వృద్ధిపొందును. అంతట ఆ నాళములు మూసికొనిపోవును. కాలువలో పూడిక పడినచో చెరువు నిండియున్నను చివరి మడికి నీరు చేరనట్లే, నేలలో తడి యున్నను ఆకునకు నీరందక మొక్క వాడును. రైతు ఇది దాహమనుకొని నీరు పెట్టును, మొక్క కోలుకొనదు.

మరియొక సంగతి గమనింపవలెను. శిలీంధ్రము మొక్క చిన్నదిగ నుండగనే వేరులో చేరి యుండవచ్చును. ఐనను తెగులు ఎక్కువగ బయటపడునది పూత, కాయ దశలలో, అనగా స్వాతి, విశాఖ కార్తెల నాటికి. మన కంటికి కనబడునప్పటికే లోపలి పని ముగిసినదన్న మాట. ఆకులపై చల్లిన మందులు సాధారణముగ ఆకునుండి వేరునకు దిగవు. కావున వాడిన చేనిపై మందు కొట్టుట వలన ధనము పోవును గాని మొక్క బ్రతుకదు. ఈ తెగులునకు విరుగుడు మందులో లేదు, ముందుచూపులో నున్నది.

ఎంత నష్టము కలుగునో తెలిసినగాని జాగ్రత్త యొక్క విలువ తెలియదు. 1981లో ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశీలన ప్రకారము, కాయ కట్టుటకు ముందే వాడిన మొక్కల దిగుబడి పూర్తిగ నష్టమగును. కాయ ముదురు దశలో వాడినచో సుమారు 67 శాతము, కోతకు కొలదిదినముల ముందు వాడినచో సుమారు 30 శాతము నష్టము కలుగును.

వాడిన మొక్కను పరీక్షించు విధము

చేనిలో నాలుగు మొక్కలు వాడగనే దుకాణమునకు పరుగిడుట మన యలవాటు. అంతకుముందు ఒక పూట పరీక్షకు కేటాయించుడు. ఇందులకు కావలసినది ఒక గడ్డపార, ఒక చాకు, ఒక బిందెడు నీరు మాత్రమే.

మొదట వేళను గమనింపుడు. మధ్యాహ్నపు ఎండకు తలవాల్చి, సాయంకాలమునకు గాని తెల్లవారునప్పటికి గాని తేరుకొన్న మొక్కకు దాహమే కారణము. తెల్లవారుజామున గూడ వాడియే యున్నచో సంశయింపవలెను.

రెండవది, నేలను చూడుడు. జానెడు లోతు త్రవ్వి మట్టిని పిడికిట పట్టుడు. తడి యుండియు మొక్క వాడినచో లోపము నీటిది కాదు.

మూడవది, చేను మొత్తము తిరుగుడు. ఎండు తెగులు సాధారణముగ మచ్చలు మచ్చలుగ వచ్చును. ఒకచోట నాలుగు మొక్కలు, కొంత దూరమున పది మొక్కలు ఎండి, నడుమనున్నవి పచ్చగ నుండును. అదే చేనిలో మరల మరల కంది వేసినకొలది ఆ మచ్చలు ఏటేట పెరుగును.

నాలుగవది, కాండమును చూడుడు. తెగులు సోకిన మొక్క మొదట నేలమట్టము నుండి పైకి ప్రాకుచు ఊదారంగు చార యొకటి కనుపించును. ఒక్కొక్కప్పుడు మొక్కలో ఒక ప్రక్క కొమ్మలు మాత్రమే ఎండి, రెండవ ప్రక్క పచ్చగ నుండును. శిలీంధ్రము ఒకవైపు వేళ్ళనుండి ఎక్కినప్పుడు ఇట్లగును. ఇది ముఖ్యమైన గుర్తు.

ఐదవది, అన్నిటికన్న నమ్మదగినది, కాండమును చీల్చి చూచుట. పూర్తిగ ఎండినదొకటి, సగము వాడినదొకటి, ఆరోగ్యముగ నున్నదొకటి, మూడు మొక్కలను వేళ్ళతో సహా పెకలింపుడు. మన్ను కడిగి, మొదటివద్ద బెరడు ఒలిచి, చాకుతో నిలువుగ చీల్చుడు. ఆరోగ్యవంతమైన మొక్కలో కట్టె తెల్లగ నుండును. తెగులు సోకినదానిలో గోధుమరంగు గాని నలుపు గాని గల గీతలు వేరునుండి పైకి పోవుచుండును. మూడింటిని ప్రక్కప్రక్కన నుంచినచో చదువురాని వారికి గూడ భేదము తెలియును. సగము వాడిన మొక్కయే మంచి సాక్షి. పూర్తిగ ఎండినదానిలో ఇతర బూజులు చేరి గుర్తులను చెరపవచ్చును.

పోలిక గల ఇతర బాధలు

ఎండిన ప్రతి కందిమొక్కకు ఇదే తెగులనుకొనరాదు.

నీటి ముంపు: పల్లపు మడిలో నీరు నిలిచినచో అచటి మొక్కలన్నియు ఒక్కతీరున పసుపుబారును. వేళ్ళు మెత్తబడి చెడువాసన వేయును. కాండములో పైకి ప్రాకు గీతలుండవు. దీనికి చికిత్స నీటిని తీసివేయుటయే.

ఫైటోఫ్తోరా తెగులు: ఎడతెరపి లేని వానలలో లేతమొక్కలకు వచ్చును. నేలకు కొంచెము పైన కాండముపై గోధుమరంగు మచ్చ ఏర్పడి, లోనికి గుంటపడి, గాలి వీచినప్పుడు మొక్క అచటనే విరుగును.

ఎండు వేరుకుళ్ళు: వర్షాభావము, అధికమైన ఎండ కలిసినప్పుడు వచ్చును. వేళ్ళు పెళుసై, లాగినచో తెగి వచ్చును. బెరడు సులభముగ ఊడును. దాని క్రింద ఆవగింజకన్న చిన్నవగు నల్లని చుక్కలు కనుపించును.

చెదలు: కాండమును చీల్చినప్పుడు లోపల మట్టి, తొలుచుకొనిన బొరియలు కనుపించును.

వెర్రి తెగులు: మొక్క ఎండదు. లేతాకుపచ్చని చిన్న ఆకులతో గుబురుగ పెరిగి, పూత లేక గొడ్డుగ నిలుచును. నల్లి జాతి సూక్ష్మ పురుగు ద్వారా వ్యాపించు వైరస్ దీనికి కారణము. దీని నివారణ వేరు. ఎండు తెగులుతో కలుపరాదు.

ఈ పరీక్షలన్నియు చేసినను సంశయము తీరనిచో, సగము వాడిన మొక్కలను వేళ్ళతో సహా కాగితములో చుట్టి వ్యవసాయ విస్తరణాధికారికి చూపవలెను. వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము, మామునూరులోని కృషి విజ్ఞాన కేంద్రము ఇట్టి సలహాకు దగ్గరనున్న సంస్థలు. మొక్కను ప్లాస్టిక్ సంచిలో బిగించి కొనిపోవలదు, ఉక్కబట్టి కుళ్ళును.

మన పొరపాటు ఎక్కడ నున్నది?

తెగులు సోకిన మొక్క వేళ్ళలోను, కోత తరువాత చేనిలో మిగిలిన కొయ్యకాళ్ళలోను శిలీంధ్రము సుమారు మూడేండ్లవరకు బ్రతికియుండును. మనము కందిని నేలకు జానెడు పైన కోసి, కట్టెను ఇంటికి చేర్చి, కొయ్యకాళ్ళను చేనిలోనే వదలుదుము. తెగులును మన చేతులతోనే మరుసటి యేటికి దాచిపెట్టుచున్నామన్న మాట.

పూర్వము మన ప్రాంతములలో జొన్నచేనిలో కందిసాళ్ళు వేయుట ఆచారముగ నుండెను. ఇది తిండికొరకు ఏర్పడిన అలవాటే ఐనను, తెగులును తగ్గించు గుణము దానిలో గలదు. జొన్నను కందితో కలిపి వేసినచో ఎండు తెగులు తగ్గునని ఇక్రిశాట్ పరిశోధనలలో రుజువైనది. తరువాత అనేక చేలలో జొన్న స్థానమును పత్తి ఆక్రమించెను. రైతు తన పంట పత్తియే యనుకొనును. ఒక యేడు పత్తిని మాని మరొక పైరు వేసినను, దాని నడుమ గూడ కందిసాళ్ళు మామూలుగనే పడును. పంట మార్చితినని అతడు తలచును. నేలలోని శిలీంధ్రమునకు మాత్రము ప్రతియేడు కంది వేరు దొరకుచునే యుండును. పంటమార్పిడి యనగా ప్రధానపంటను మాత్రమే కాదు, నడుమ సాళ్ళను గూడ మార్చుట యని గ్రహింపవలెను. గట్లపై ఏండ్ల తరబడి నిలిచియున్న కందిచెట్లు సైతము తెగులునకు ఆశ్రయమగును.

ఒక్క శుభవార్త గలదు. ఇట్టి ఎండు తెగుళ్ళు శనగకు, అరటికి, చలిదేశపు తోటలలో పూలకొరకు పెంచు లూపిన్ అను చిక్కుడుజాతి మొక్కకు గూడ వచ్చును. కాని ఏ పైరు శిలీంధ్రము ఆ పైరునకే. కందిని ఎండబెట్టునది జొన్నను, మొక్కజొన్నను ఎండబెట్టదు. కావున తెగులు పడిన భూమి పాడుభూమి కాదు. దానికి మూడేండ్లు కంది లేని విశ్రాంతి కావలెను, అంతే.

నివారణకు కార్తెవారి పనులు

వేసవిలో: గత యేడు తెగులు కనుపించిన చేనిలోని కొయ్యకాళ్ళను వేళ్ళతో సహా పెరికి, ఒకచోట చేర్చి కాల్చవలెను. పొయ్యికట్టెగ వాడుకొన్నను మంచిదే. కాని చేని ఒడ్డున కుప్పవేసి వదలరాదు. పిమ్మట లోతుగ దున్ని నేలను ఎండకు విడువవలెను.

విత్తనమును ఎన్నుకొనునప్పుడు: తెగులును తట్టుకొను రకమే ఈ నివారణకు మూలస్తంభము. 1986లో కర్ణాటకమున విడుదలైన మారుతి (ఐ.సి.పి. 8863) ఎండు తెగులును బాగుగ తట్టుకొనును, ఐనను వెర్రి తెగులునకు లొంగును. 1993లో విడుదలైన ఆశ (ఐ.సి.పి.ఎల్. 87119) రెండింటిని తట్టుకొను రకము. వరంగల్ పరిశోధన స్థానము నుండి గూడ రుద్రేశ్వర మొదలగు కంది రకములు వెలువడినవి. శిలీంధ్రములో గూడ భేదములు గలవు. ఒకచోట నిలిచిన రకము మరొకచోట నిలువకపోవచ్చును. కావున మీ నేలకు, మీ వానకు తగిన రకమేదో అధికారుల నడిగి నిర్ణయించుకొనవలెను. ఇంటి విత్తనమే వాడువారు తెగులు లేని చేనినుండి మాత్రమే విత్తనము తీయవలెను. పూతదశలోనే మంచి మడిని గుర్తుపెట్టుకొనవలెను. కళ్ళములో కలిసిన పిమ్మట ఏ గింజ ఏ మడిదో తెలియదు.

విత్తుటకు ముందు: కిలో విత్తనమునకు 10 గ్రాముల చొప్పున ట్రైకోడెర్మా విరిడి పొడిని పట్టింపవలెను. ఇది చెడ్డ శిలీంధ్రమును అణచు మంచి శిలీంధ్రము. ఎకరమునకు సరిపడు విత్తనమునకు 200 గ్రాముల రైజోబియం పొడిని గూడ బెల్లపునీటితో పట్టించి, నీడన ఆరబెట్టి విత్తవలెను. రసాయన మందుతో విత్తనశుద్ధి చేయదలచినవారు ముందు దానిని ముగించి, రైజోబియంను చివర పట్టింపవలెను. మందు పట్టించిన గింజను తిండికిగాని పశువులకుగాని వాడరాదు.

భూమికి: 90 కిలోల బాగుగ చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో కుప్పవేసి, నీరు చిలుకరించి, గోనెలు కప్పి వారము పదిదినము లుంచినచో మంచి శిలీంధ్రము కుప్పయంతట వ్యాపించును. దీనిని ఒక ఎకరమునకు ఆఖరుదుక్కిలో, నేల తడిగ నున్నప్పుడు చల్లవలెను.

విత్తునప్పుడు: మృగశిర, ఆరుద్ర కార్తెలలో వాన పడగనే జొన్నతో కలిపి కంది వేయుట మేలు. తెగులు బలముగ నున్న చేనిలో మూడేండ్లు కందిని పూర్తిగ మాని జొన్న, మొక్కజొన్న వంటివి వేయవలెను.

వానలలో: చేనిలో నీరు నిలువకుండ కాలువలు తీయవలెను. తెగులు చేని నీటిని ప్రక్కచేనిపైకి మళ్ళింపరాదు. తెగులు మడిలో పనిచేసిన నాగలిని, గుంటకను, ట్రాక్టరును మన్ను దులిపి కడిగిన పిమ్మటనే మంచి మడిలోనికి దింపవలెను.

పూతదశలో: వాడిన మొక్కలను వేళ్ళతో పెరికి కాల్చవలెను. ఆ మొక్క బ్రతుకదు. కాని దాని వేరు నేలలో మిగులకుండ చేయగలము.

పంచాయతీ సభ్యుల బాధ్యత

1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా 11వ షెడ్యూలు ఏర్పడినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు అందు గలవు. వానిలో మొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ. వీధిదీపము, మురుగుకాలువ వలెనే చేనిలోని తెగులు గూడ పంచాయతీ పట్టించుకొనవలసిన విషయమే.

ఇందు ముఖ్యముగ తలపవలసినవాడు కౌలురైతు. చేను ఎవరిదో, నిరుడు అందు ఏ పంట ఏమైనదో అతనికి తెలియకపోవచ్చును. ఒక్క యేటికి కౌలు కట్టి, అప్పు తెచ్చి విత్తిన కంది కార్తికములో ఎండినచో, యజమానికి భూమి మిగులును. కౌలుదారునకు అప్పు మిగులును. నిరుడు తెగులు వచ్చినదని ఒక్కమాట ముందే చెప్పియున్నచో అతడు జొన్నయో మొక్కజొన్నయో వేసియుండెడివాడు. కౌలు ధర తగ్గునేమోనని కొందరు యజమానులు ఈ మాటను దాచుదురు. తెగులు భూమి యజమాని దోషము కాదు, దాచుటయే దోషము. ఈ మాట చెప్పవలసినది పంచాయతీయే.

ఇందులకు మూడు పనులను సూచించుచున్నాము.

ఒకటి, కంది పూచు దినములలో వార్డు సభ్యులు రైతులతో కలిసి చేలు తిరిగి, తెగులు మచ్చలు గల చేలను ఒక పుస్తకములో వ్రాయవలెను. సర్వే నంబరు, సంవత్సరము, వేసిన రకము, చేనిలో సుమారు ఎంతభాగము వాడినది, ఈ నాలుగు చాలును. కౌలు మాట్లాడుకొను కాలమున ఎవరడిగినను ఆ పుస్తకమును చూపవలెను. మూడేండ్ల వ్రాత పోగైనచో ఊరి భూముల ఆరోగ్యపటము చేతికి వచ్చును.

రెండు, ఆ దినములలోనే ఒక గ్రామసభలోగాని, రైతువేదికలోగాని వాడిన మొక్కలను, మంచి మొక్కలను తెప్పించి, అందరియెదుట చీల్చి చూపవలెను. స్త్రీలను తప్పక పిలువవలెను. కలుపు తీయుచు, కాయ కోయుచు మొక్కను దగ్గరగ చూచువారు వారే. చేనిలో మొదటి వాడు ముందుగ కనబడునది వారి కంటికే.

మూడు, వేసవిలో ఒక వారమును కొయ్యకాళ్ళ వారముగ నిర్ణయించి, తెగులు చేలలోని మోళ్ళను అందరును ఒకేసారి పెరికించవలెను. నేను తీసి ప్రక్కవాడు తీయనిచో వాననీటితో అతని తెగులు నా చేనికి వచ్చునన్న మాట నిజమే. ఆ మాట పని మానుటకు సాకు కారాదు. కలిసి పనిచేయుటకు కారణము కావలెను. చిన్నరైతులు విత్తనమునకు, ట్రైకోడెర్మాకు వ్యవసాయశాఖను ముందుగ అడుగునట్లు చూడవలెను. మృగశిరలో మొదటివాన పడిన పిమ్మట అడిగినచో తట్టుకొను రకము దొరకక, దొరకిన రకమే చేనిలో పడును.

ఈ పనులలో దేనికిని పెద్ద వ్యయము లేదు. చాకు, గడ్డపార, ఒక పుస్తకము, కొంత ఐకమత్యము చాలును. ఈ యేటి కందిచేను పూతకు వచ్చినప్పుడు మొదట వాడిన మొక్కను చూచి నిట్టూర్చి విడువక, దానిని పెరికి, చీల్చి, పుస్తకమున వ్రాయుడు. ఆ వ్రాత వచ్చే యేటి విత్తనమును, తరువాతి కౌలుదారుని, ఊరి పప్పుకుండను కాపాడును.